పాత చమురు బావిలో ప్రభుత్వ ప్రయోగం: ఎక్కువగా వచ్చిన బ్యారెల్‌ని రుజువు చెయ్యడం ఎలా?

ఒక బావి నుంచి రోజుకు 50 బ్యారెళ్లు పైకొస్తున్నాయనుకోండి. అందులో 49 ఉప్పునీళ్లు, ఒక్కటి చమురు. దీన్నే 98 శాతం వాటర్ కట్ అంటారు. ఆ 49 బ్యారెళ్ల నీళ్లు తోడడానికి కరెంటు కావాలి, చమురు నుంచి విడదీయడానికి ట్యాంకులు కావాలి, మళ్లీ భూమిలోకి పంపడానికి పంపులు కావాలి. ఆ ఒక్క బ్యారెల్ అమ్మిన డబ్బు వీటికే చాలని రోజున యజమాని బావిలో సిమెంటు పోసి మూసేస్తాడు. అడుగున చమురు అయిపోయి కాదు. మొదట రాతిలో ఉన్న చమురులో మూడింట రెండు వంతులు చాలా చోట్ల అక్కడే మిగిలిపోతుంది. ఒకసారి మూసిన బావిని మళ్లీ తెరవాలంటే కొత్త బావి తవ్వినంత ఖర్చు. చిన్న కంపెనీ ఆ పని పెట్టుకోదు. అంటే ఆ చమురు పోయినట్టే.

సర్కారు డబ్బు అవసరమయ్యేది ఇక్కడే. పెద్ద కంపెనీకి లాబొరేటరీ ఉంటుంది, ఒక ప్రయోగం పాడైనా తట్టుకుంటుంది. రోజుకు పది బ్యారెళ్ల లోపు ఇచ్చే బావులతో బండి నడిపే చిన్న ఆపరేటర్‌కి ఆ వెసులుబాటు లేదు. పక్క జిల్లాలో ఎవరో చేసి, ఎంత ఖర్చయింది, ఎన్ని బ్యారెళ్లు వచ్చాయి, ఏది చెడింది అని లెక్క చూపిస్తే అప్పుడు తను చేస్తాడు. అమెరికా ఇంధన శాఖ 1992లో మొదలుపెట్టిన రిజర్వాయర్ క్లాస్ కార్యక్రమం ఆలోచన సరిగ్గా ఇదే. ఖర్చులో కనీసం సగం ఆపరేటర్ పెట్టాలి, మిగతాది ప్రభుత్వం ఇస్తుంది. బదులుగా లెక్కలన్నీ అందరి ముందూ పెట్టాలి. ఏ ప్రయోగం ఏ రకం రాతిలో జరిగితే దాని పాఠం అదే రకం రాతి ఉన్న మిగతా క్షేత్రాలకు పనికొస్తుంది కాబట్టి, క్షేత్రాలను ఆపరేటర్ పేరుతోనో రాష్ట్రం పేరుతోనో కాకుండా ఆ రాయి ఎలా ఏర్పడిందన్న దాన్ని బట్టి వర్గాలు చేశారు. మొదటి వర్గం నదీ డెల్టా ఇసుకరాళ్లు, రెండోది లోతు తక్కువ సముద్రపు సున్నపురాళ్లు, మూడోది సముద్రపు వాలులోనూ లోతులోనూ పేరుకున్న ఇసుకరాళ్లు.

(రిజర్వాయర్ అంటే మనకు నాగార్జునసాగర్ గుర్తొస్తుంది. చమురు వాళ్ల భాషలో అది చమురు పట్టి ఉంచుకున్న రాతి పొర. అందులో చెరువేమీ ఉండదు. ఇసుక రేణువుల మధ్య సందుల్లో చమురు, నీళ్లు, గ్యాసు ఇరుక్కుని ఉంటాయి.)

డెల్టా రాయి ఎందుకంత ఇబ్బంది పెడుతుందో గోదావరి జిల్లాల వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. గౌతమి ఒకవైపు, వసిష్ఠ ఒకవైపు పాయలుగా చీలతాయి. పాయ అడుగున ముతక ఇసుక, ఒడ్డున సన్న ఇసుక, లంకల మీద ఒండ్రు. వరదకు పాయ దారి మార్చుకుంటే పాత ఇసుక మీద బురద కప్పేస్తుంది. ఇదంతా కోట్ల ఏళ్లు భూమిలో దిగబడి రాయయ్యాక, మనం పైనుంచి ఒక బావిలో నీళ్లు నెట్టి పక్క బావిలో చమురు తియ్యాలని చూస్తాం. నీళ్లు తేలికైన దారి చూసుకుంటాయి. ముతక ఇసుక మేటలోంచి సూటిగా పరుగెత్తి పక్క బావిలో తేలతాయి. సన్న ఇసుకలోని చమురు కదలను కూడా కదలదు. రెండు బావుల మధ్య బురద గోడ ఉంటే ఇక్కడ ఎంత నెట్టినా అక్కడ చలనం ఉండదు. సూరసానియానం ఒడ్డుకు ఎదురుగా సముద్రంలో ఉన్న రవ్వ క్షేత్రంలో కూడా నీళ్లు నెట్టే చమురు తీస్తున్నారు కాబట్టి ఇది మనకు దూరపు సంగతేమీ కాదు.

ఈ కార్యక్రమంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అలబామా రాష్ట్రం లామార్ కౌంటీలోని నార్త్ బ్లోహార్న్ క్రీక్ ప్రయోగం. అందులో వాడిన పద్ధతి కన్నా దాన్ని కొలిచిన తీరు నాకు ముఖ్యం.

ఆ క్షేత్రం 1979లో దొరికింది. సుమారు 2,300 అడుగుల లోతులో కార్టర్ ఇసుకరాయి. 1983లో నీళ్లు నెట్టడం మొదలైంది. 1985లో రోజుకు దాదాపు 3,000 బ్యారెళ్లకు చేరి అక్కణ్ణుంచి పడిపోతూ వచ్చింది. ప్రయోగం మొదలయ్యేసరికి నీళ్లు నెట్టే ఇంజెక్షన్ బావులు 20, చమురు తీసే ఉత్పత్తి బావులు 32 ఉండి కూడా రోజుకు 290 బ్యారెళ్ల చమురు, 1,700 బ్యారెళ్ల నీళ్లు మాత్రమే వస్తున్నాయి. మొదట అడుగున ఉన్నది సుమారు 1.6 కోట్ల బ్యారెళ్లని అంచనా. తీసింది 55 లక్షలు.

చేసిన పని ఇది. రాతిలో, నీళ్లలో ముందునుంచీ బతుకుతున్న సూక్ష్మజీవులకు ఆహారం పెట్టారు. బయటి నుంచి కొత్తవి తెచ్చి వెయ్యలేదు. నెట్టే నీళ్లలో పొటాషియం నైట్రేటు, ఒక సోడియం ఫాస్ఫేటు కొద్ది మోతాదులో కలిపారు. కొన్ని బావుల్లో మొలాసిస్ కూడా వేశారు. చక్కెర మిల్లులో మిగిలే ఆ నల్లటి మడ్డే. నీళ్లు ఎక్కువగా పారే దారిలోకే ఆహారం కూడా ఎక్కువగా వెళ్తుంది. సూక్ష్మజీవులు అక్కడే పెరిగి జిగురు పట్టి దారిని ఇరుకు చేస్తాయి. నీళ్లు ఇంతకాలం తాకని సన్న ఇసుక వైపు మళ్లుతాయి, అక్కడి చమురు కదులుతుంది. ఏ సందు మూయాలో మనం చూపించనక్కర్లేదు, నీళ్ల పారకమే చూపిస్తుంది. ఈ పద్ధతి తెలివంతా అందులోనే ఉంది. ఖర్చూ తక్కువే. కొత్త యంత్రాలు అక్కర్లేదు, కలపడానికి ఒక ట్యాంకు, ఒక మీటరింగ్ పంపు ఉంటే చాలు.

కొలత ఎలా చేశారంటే, నాలుగు ఇంజెక్షన్ బావుల చుట్టుపక్కల ఆహారం పెట్టి, మరో నాలుగు బావుల చుట్టుపక్కల ఏమీ పెట్టకుండా వదిలేశారు. ఒకే క్షేత్రం, ఒకే రాయి, ఒకే ఆపరేటర్, అవే పంపులు. తేడా ఆహారం ఒక్కటే. ఆహారం పెట్టిన వైపు చాలా బావుల్లో పతనం తగ్గింది, కొన్నిట్లో ఉత్పత్తి పెరిగింది. వదిలేసిన వైపు పాత పతనమే సాగింది. లెక్క తేల్చాక అదనంగా వచ్చింది సుమారు 69,000 బ్యారెళ్లని, క్షేత్రం ఆర్థికంగా బతికే కాలం 60 నుంచి 137 నెలలు పెరుగుతుందని చెప్పారు. 69,000 పెద్ద అంకె కాదు. కానీ పక్కన వదిలేసిన నాలుగు బావులు ఉన్నాయి కాబట్టి ఆ అంకెను నమ్మవచ్చు.

ప్రయోగం పెట్టే ప్రతివాళ్లకూ మొదట చెప్పాల్సింది ఇదే. మందు (నెట్టే నీళ్లలో కలిపే పదార్థం) ఏది, పంపు ఏది అన్న ప్రశ్న తర్వాత వస్తుంది. ఏమీ చెయ్యకపోతే ఎంత వచ్చేదో అన్న గీత, అంటే బేస్‌లైన్, ముందుగా కాగితం మీద పడాలి. దాని మీద ఇరుపక్షాలూ సంతకం పెట్టాలి. ప్రయోగం మొదలయ్యాక ఆ గీతను కదపకూడదు.

ఆ గీత ఎంత తేడా తెస్తుందో చిన్న లెక్కలో చూడండి. ఒక లీజు, అంటే చమురు తియ్యడానికి కౌలుకు తీసుకున్న స్థలం, ఇవాళ రోజుకు 100 బ్యారెళ్లు ఇస్తోంది. మూడేళ్ల తర్వాత 80 ఇస్తోంది. మందు వల్ల వచ్చింది ఎంత? ఏటా 10 శాతం పడిపోతుందని గీత గీస్తే మూడేళ్లకు 73 ఉండాల్సింది, కాబట్టి అదనం 7. పతనం 12 శాతం అంటే 68 ఉండాల్సింది, అదనం 12. 15 శాతం అంటే 61, అదనం 19. బావి అదే, చమురు అదే, ట్యాంకులో పడిన బ్యారెళ్లూ అవే. గీతను బట్టి ఫలితం ఏడు నుంచి పంతొమ్మిది దాకా మారిపోయింది. ప్రయోగం అయ్యాక గీత గీసుకునే వీలుంటే ఎవరి చెయ్యి ఎటు వంగుతుందో చెప్పనక్కర్లేదు.

గీతకు కనీసం రెండేళ్ల నెలవారీ లెక్క కావాలి, అదీ బావి వారీగా. లీజు మొత్తానికి ఒకే ట్యాంకు ఉండి, నెలాఖరున ట్యాంకు కొలతను బావులకు పంచి రాసుకునే అలవాటు పాత క్షేత్రాల్లో ఎక్కువ. ఆ అంకెలు పన్నుకు సరిపోతాయి, ప్రయోగానికి సరిపోవు. ప్రతి బావినీ టెస్ట్ సెపరేటర్‌కి (చమురు, నీళ్లు విడదీసి కొలిచే ట్యాంకుకి) మళ్లించి 24 గంటలు కొలవాలి, నెలకు కనీసం రెండుసార్లు. అప్పుడైనా వాటర్ కట్ దగ్గర జాగ్రత్త తప్పదు. 400 బ్యారెళ్ల ద్రవంలో నీళ్లు 95 శాతమంటే చమురు 20 బ్యారెళ్లు, 96 శాతమంటే 16. శాంపిల్‌లో ఒక్క పాయింటు తేడా వస్తే చమురు అంకెలో ఐదో వంతు ఎగిరిపోతుంది. అందుకే ఒక్క సీసాతో తేల్చకూడదు. రోజంతా గంటకోసారి తీసి కలిపి, వేడి చేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చూడాలి.

ప్రయోగం నడిచే కాలంలో ఉత్పత్తి బావుల్లో పంపులు మార్చకూడదు, స్ట్రోకు పెంచకూడదు, యాసిడ్ పొయ్యకూడదు. చెయ్యక తప్పకపోతే తేదీతో రాసి, ఆ బావిని ఆ నెల లెక్కలోంచి తీసెయ్యాలి. అరిగిపోయిన పంపు మార్చగానే పెరిగే పది బ్యారెళ్లు మందు ఖాతాలో పడిపోవడం నేను చదివిన నివేదికల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు. అది మోసమని కూడా అననక్కర్లేదు. ప్రయోగం పెట్టిన చోట అందరూ జాగ్రత్తగా ఉంటారు, లీకులు కడతారు, బావుల్ని చూస్తారు. ఆ శ్రద్ధకే కొంత చమురు వస్తుంది. దాన్ని మందు నుంచి వేరు చెయ్యడానికే పక్కన వదిలేసిన బావులు.

ఇక బావుల అమరిక. నాలుగు మూలలా నాలుగు ఇంజెక్షన్ బావులు, మధ్యలో ఒక ఉత్పత్తి బావి ఉంటే మధ్య బావికి వచ్చేదంతా ఆ చతురస్రంలోంచే వచ్చిందని చాలావరకు చెప్పవచ్చు. డబ్బు ఆదా చెయ్యాలని దీన్ని తిరగేసి, మధ్యలో ఒక్క ఇంజెక్షన్ బావి, చుట్టూ నాలుగు ఉత్పత్తి బావులు పెడతారు. అప్పుడు మందు బయటికి పారుతుంది, బయటి చమురు లోపలికి వస్తుంది, ఏది ఎక్కడిదో తేల్చలేం. చౌకగా అయిపోతుందనుకుని ఏమీ తేలని ప్రయోగం చెయ్యడం కన్నా అసలు చెయ్యకపోవడం మేలు.

పరిమాణం లెక్క సులువే. ఒక ఎకరం విస్తీర్ణం, ఒక అడుగు మందం ఉన్న ఖాళీ చోటులో 7,758 బ్యారెళ్లు పడతాయి. మన చతురస్రం 5 ఎకరాలు, రాతి మందం 10 అడుగులు, రాతిలో సందులు 20 శాతం అయితే 77,580 బ్యారెళ్ల చోటు. రోజుకు 100 బ్యారెళ్లు నెడితే ఒక నిండు నిండడానికి 776 రోజులు, అంటే రెండేళ్ల పైమాటే. అందులో 30 శాతం మేర పాలిమర్ (నీళ్లను చిక్కబరిచే రసాయనం) కలిపిన నీళ్లు పంపాలనుకుంటే 23,274 బ్యారెళ్లు, 233 రోజులు. ఈ లెక్క ముందే చేసుకోకుండా పద్దెనిమిది నెలల గ్రాంటు తీసుకున్న ప్రయోగం, నెట్టిన నీళ్ల ముందు కదిలే చమురు అల పక్క బావికి చేరకముందే ముగిసిపోతుంది. ఎకరాలు చిన్నవి చేసుకోవాలి, లేదా గడువు పెద్దది అడగాలి. మూడో దారి లేదు.

మందు పంపకముందు నీళ్లతో పాటు ట్రేసర్, అంటే నీళ్ల దారి పట్టించే జాడ పదార్థం, పంపాలి. అది రాతికి అంటుకోని, చమురులో కరగని, కొద్దిపాటి మోతాదులోనూ కనిపెట్టగలిగే పదార్థం అయ్యుండాలి. థయోసయనేటు, ఫ్లోరో బెంజోయిక్ ఆమ్లాలు, ట్రిటియం నీళ్లు వాడుకలో ఉన్నవి. పై లెక్క ప్రకారం నెలల తర్వాత కనిపించాల్సిన ట్రేసర్ మూడో రోజునే పక్క బావిలో తేలితే మధ్యలో పగులో ముతక ఇసుక కాలువో ఉన్నట్టు. అలాంటి చోట పాలిమర్ పొయ్యడమంటే కన్నం పడిన కుండలో నీళ్లు పోసినట్టే. ముందు పాలిమర్‌ని క్రోమియం అసిటేటుతో గడ్డకట్టించే జెల్ పంపి ఆ దారి కట్టాలి, కొన్ని రోజులు బావి మూసి ఉంచి జెల్ గట్టిపడనివ్వాలి, ట్రేసర్ మళ్లీ వెయ్యాలి.

నీళ్ల శుభ్రత గురించి ఎవరూ ఉత్సాహంగా మాట్లాడరు, కానీ బావుల్ని ఎక్కువగా చంపేది మురికి నీళ్లే. కాన్సస్ రాష్ట్రం అలెన్ కౌంటీలో సావన్‌బర్గ్ క్షేత్రం మీద కాన్సస్ విశ్వవిద్యాలయం ఈ కార్యక్రమం కింద చేసిన ప్రయోగంలో ముఖ్య సమస్య అదే. నూనె తరకలు, ఇనుప తుప్పు, సన్న మట్టి ఉన్న నీళ్లను తిప్పి తిప్పి నెడితే ఇంజెక్షన్ బావి ముఖం, అంటే నీళ్లు రాతిలోకి దిగే చోటు, పూడుకుపోతుంది. అక్కడ గాలి బుడగలతో మురికిని పైకి తేల్చి తీసేసే యూనిట్ పెట్టారు, బావులు కడిగారు. అదే విశ్వవిద్యాలయం ఫిన్నీ కౌంటీ స్టీవర్ట్ క్షేత్రంలో వేర్వేరు యజమానుల లీజుల్ని ఒక్కటిగా కలిపి మామూలు నీళ్లే పద్ధతిగా నెట్టించింది. కొత్త రసాయనమేదీ లేదు. లీజులు కలవకపోతే ఒకరు నెట్టిన నీళ్లకు పక్కవాడి చమురు పెరుగుతుంది కాబట్టి ఎవరూ ముందుకు రారు. ఆ ఒప్పందం కుదర్చడమే అక్కడ పెద్ద పని.

బావి పూడుతోందా పగులుతోందా చెప్పడానికి హాల్ ప్లాట్ అనే గీత చాలు. రోజువారీ ఒత్తిడిని రోజులతో గుణించి కూడుతూ పోయి నిలువు గీత మీద, మొత్తం నెట్టిన నీళ్లు అడ్డగీత మీద వెయ్యాలి. సూటిగా పోతుంటే బావి బాగుంది. పైకి వంగితే పూడుతోంది. కిందికి వంగితే రాయి పగిలింది. పగిలితే నీళ్లు మనం అనుకున్న పొరలో ఉండవు. అందుకే మొదలుపెట్టే ముందే రేటు మెట్లు మెట్లుగా పెంచి రాయి ఎంత ఒత్తిడికి పగులుతుందో కనుక్కుని, దానికి పది శాతం తక్కువలో పని నడపాలి.

పాలిమర్ దగ్గర కొంచెం ఆగుదాం. ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే.

పాలిమర్ పని నీళ్లను చిక్కగా చెయ్యడం. చిక్కటి నీళ్లు కాలువ వెంట పరుగెత్తకుండా వెడల్పుగా నెడతాయి. ఎక్కువగా వాడేది పాక్షికంగా హైడ్రలైజ్ చేసిన పాలీఅక్రిలమైడ్, 25 కిలోల బస్తాల్లో తెల్లటి పొడి. మన 100 బ్యారెళ్లకు, అంటే దాదాపు 16 ఘనమీటర్లకు, 1,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి) చొప్పున రోజుకు 16 కిలోలు కావాలి. 23,274 బ్యారెళ్లకు 3,700 కిలోలు, 148 బస్తాలు. ఈ 16 కిలోల్ని మొత్తం నీళ్లలో ఒకేసారి వెయ్యకూడదు. ముందు 3,200 లీటర్ల నీళ్లలో 5,000 పీపీఎం చిక్కటి ద్రావణం చేసి, గంటా రెండు గంటలు నెమ్మదిగా తిప్పుతూ నాననిచ్చి, తర్వాత మిగతా నీళ్లు కలపాలి.

పొడి నీళ్లలో పడే క్షణం కీలకం. మజ్జిగ పులుసులో శనగపిండి ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండలు కడుతుంది చూడండి, పైన జిగురు తొడుగు, లోపల పొడి పిండి. ఇది అంతే. ప్రతి రేణువూ విడివిడిగా తడవాలి. అందుకే పొడిని సన్నగా రాల్చి, చుట్టూ నీళ్ల తెర తిరిగే గరాటులోకి వదులుతారు. గరాటు మూతి దగ్గర తేమ చేరి పొడి గట్టిపడితే ఆ రోజు ద్రావణమంతా పాడే. వానాకాలంలో అయితే షిఫ్టుకోసారి ఆరబెట్టి తుడవాలి. ఆ ఉండలు కంటికి చేప కళ్లలా పారదర్శకంగా కనిపిస్తాయి, కొన్నిసార్లు అసలు కనిపించవు. బావి ముఖం దగ్గర మాత్రం మైనంలా పరుచుకుంటాయి. పట్టుకోవాలంటే స్థిరమైన ఒత్తిడితో సన్న పొర ఫిల్టరులోంచి ద్రావణం పంపి చూడాలి. మొదట్లో 100 మిల్లీలీటర్లకు పట్టిన సమయం, చివర్లో 100 మిల్లీలీటర్లకు పట్టిన సమయం పోల్చండి. నిష్పత్తి 1.2 లోపుంటే మంచిది. అంతకన్నా పెరుగుతుంటే ఏదో పూడుతోంది, ఆ ట్యాంకు బావిలోకి వెళ్లకూడదు.

తయారైన ద్రావణాన్ని చంపేవి మూడు. మొదటిది దెబ్బ. పొడవాటి అణువుల వల్లే చిక్కదనం, వేగంగా తిరిగే సెంట్రిఫ్యూగల్ పంపో సగం మూసిన చోక్ వాల్వో వాటిని తెంపేస్తుంది. నెమ్మదిగా నడిచే ప్లంజర్ పంపు లేదా స్క్రూ పంపు వాడాలి. రేటు తగ్గించాలంటే వాల్వు నొక్కకుండా పంపు వేగమే తగ్గించాలి. రెండోది ఆక్సిజన్, ఇనుము కలిసి ఉండడం. ట్యాంకు మీద నైట్రోజన్ కప్పు లేకపోతే గాలిలోని ఆక్సిజన్, నీళ్లలో కరిగిన ఇనుముతో కలిసి గంటల్లో చిక్కదనం తినేస్తుంది. మూడోది గట్టి నీళ్లు. కాల్షియం ఎక్కువున్న వేడి పొరలో ఈ పాలిమర్ గడ్డలు కట్టి అడుగుకు దిగిపోతుంది. చక్కెరను ఒక రకం బాక్టీరియాతో పులియబెట్టి చేసే జాంతన్ అనే మరో పాలిమర్ వాడితే దెబ్బకూ ఉప్పుకూ తట్టుకుంటుంది, కానీ వేరే బాక్టీరియా దాన్ని ఇష్టంగా తింటాయి, క్రిమిసంహారకం లేకుండా పంపకూడదు.

వీటన్నిటినీ పట్టుకోవాల్సింది బావి తల దగ్గర తీసే శాంపిల్. అది సరిగా తియ్యకపోతే ప్రయోగం మొత్తం అబద్ధం చెబుతుంది. చిన్న సూది వాల్వు కొద్దిగా తిప్పి సీసాలో పట్టారనుకోండి, వందల పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి నుంచి ఒక్కసారిగా బయటపడే ద్రావణం ఆ వాల్వులోనే తెగిపోతుంది. సీసాలో చిక్కదనం సగమే కనిపిస్తుంది, పాలిమర్ పాడైందని ట్యాంకు మార్చేస్తారు, అసలు పాడైంది శాంపిలే. సరైన పద్ధతిలో రెండు చివరలా పూర్తిగా తెరుచుకునే బాల్ వాల్వులున్న స్టీల్ సిలిండర్ పైపుకు బిగించాలి. రెండూ తెరిచి ద్రావణాన్ని నెమ్మదిగా సిలిండర్ గుండా చాలాసేపు పారనివ్వాలి, లోపలి గాలీ పాత ద్రావణమూ పోవాలి. బయటి వాల్వు మూసి, తర్వాత లోపలి వాల్వు మూసి విప్పాలి. కొన్ని చుక్కలు కారనిస్తే ఒత్తిడి పడిపోతుంది, ద్రవం కదా. అప్పుడు పూర్తిగా తెరిచి సీసాలోకి వంచాలి. గాలి తగలకుండా నిండుగా నింపి, అదే రోజు, పొర ఉష్ణోగ్రత దగ్గర కొలవాలి.

1970ల్లో అమెరికా ప్రభుత్వం ఇలాగే సగం ఖర్చు పెట్టి మైసెల్లార్ పాలిమర్ ప్రయోగాలు చేయించింది. కాన్సస్‌లో ఎల్ డొరాడో, ఓక్లహోమాలో నార్త్ బర్‌బ్యాంక్, మోంటానాలో బెల్ క్రీక్. సబ్బులాంటి రసాయనం రాతి నుంచి చమురు విడదీస్తే, వెనక పాలిమర్ నెడుతుంది. లాబొరేటరీ రాతి ముక్కలో చమురంతా వచ్చేసేది, క్షేత్రంలో కొంతే వచ్చింది. రసాయనం రాతికి అంటుకుపోయింది, ఉప్పునీళ్లతో కలిసి చెడింది, పొరలోని తేడాలు అనుకున్నదానికన్నా ఎక్కువ తేలాయి. ఆ నివేదికలన్నీ అచ్చయ్యాయి కాబట్టే తర్వాతివాళ్లు ఆ తప్పులు చెయ్యకుండా తప్పించుకున్నారు. నా దృష్టిలో ప్రభుత్వ డబ్బుకు దక్కిన అసలు సరుకు ఆ వైఫల్యాల నివేదికలే. సొంత డబ్బుతో చేసిన కంపెనీ తన ఓటమిని ఎప్పుడూ అచ్చేయించదు.

గెలిచినవీ ఉన్నాయి. యూటా రాష్ట్రంలో మాన్యుమెంట్ బ్యూట్ దగ్గర మైనం నిండిన చమురు, బిగుతు ఇసుకరాయి. మామూలుగా తీస్తే 5 శాతానికి మించి రాదు. చల్లటి నీళ్లు నెడితే మైనం గడ్డకడుతుందని అందరూ దూరంగా ఉన్నారు. అక్కడ నీళ్లు నెట్టి పనవుతుందని నిరూపించాక చుట్టుపక్కల యూనిట్లన్నీ అదే బాట పట్టాయి.

మన దేశంలో ఈ పని మొదట ప్రభుత్వరంగ ఓఎన్‌జీసీ చేతుల మీదుగా నడిచింది. గుజరాత్‌లో సానంద్‌లో 1985లో పాలిమర్ ప్రయోగం, మెహసానా దగ్గర బాలోల్‌లో 1990లో అగ్గి ప్రయోగం. బాలోల్ చమురు తారులాగా చిక్కన. గాలి నెట్టి పొరలోనే కొంత చమురు కాల్చి, ఆ వేడికి మిగతాది పల్చబడి కదిలేలా చేశారు. 1997 నుంచి బాలోల్, సంథాల్‌లలో అది వాణిజ్య స్థాయికి వచ్చింది. రాజస్థాన్‌లో ప్రైవేటు కంపెనీ కెయిర్న్‌కి మంగళ క్షేత్రం 2004లో దొరికింది, 2009లో ఉత్పత్తి మొదలైంది. అక్కడ ప్రయోగం తర్వాత క్షేత్రమంతా పాలిమర్‌కి మారింది.

2018లో కేంద్రం ఎన్‌హాన్స్‌డ్ రికవరీ విధానం తెచ్చింది. కొత్త పద్ధతితో అదనంగా వచ్చిన ముడిచమురు మీద సెస్సులో సగం 120 నెలల పాటు మాఫీ. అంటే ఇక్కడ బేస్‌లైన్ గీత పన్ను రశీదు అయిపోయింది. పైన చూసిన ఏడు బ్యారెళ్లకూ పంతొమ్మిదికీ మధ్య తేడా ఖజానాలో కనిపిస్తుంది. అందుకే ఆ గీత గీసేవాళ్లు ఆపరేటర్ జీతం తీసుకునేవాళ్లు కాకూడదు. బావి వారీ లెక్క మొదటి రోజు నుంచే బయట ఉండాలి.

చివరిగా, ఎప్పుడు ఆపాలన్నది. కాన్సస్ రస్సెల్ కౌంటీలోని హాల్ గర్నీ క్షేత్రంలో కార్బన్ డయాక్సైడ్ ప్రయోగం జరిగింది. రస్సెల్ ఊళ్లోని ఇథనాల్ ఫ్యాక్టరీ నుంచి గ్యాసును ట్యాంకర్లలో తెచ్చి, 10 ఎకరాల చోటులో 2003 డిసెంబర్ నుంచి 2005 జూన్ దాకా నెట్టారు. మొత్తం దాదాపు 1.6 కోట్ల పౌండ్లు. తర్వాత నీళ్లకు మారారు. చమురు అనుకున్నప్పుడు రాలేదు, ఆలస్యంగా వచ్చింది. అనుకున్న బావులకే కాకుండా పక్క లీజు బావుల్లోనూ కనిపించింది. ఇంజెక్షన్ ఆపిన రోజునే లెక్క మూసేసి ఉంటే అది తేలేది కాదు. కాబట్టి గ్రాంటు ఒప్పందంలోనే ఇంజెక్షన్ ఆగాక కనీసం రెండేళ్ల పాటు కొలతలకు డబ్బు విడిగా ఉంచాలి, పక్క లీజు యజమాని బావుల్ని కూడా నెలకు రెండుసార్లు టెస్ట్ చెయ్యడానికి ముందే అనుమతి రాయించుకోవాలి. పక్క లీజుకు మీ లీజుతో సమానంగా అదే తేదీ నుంచి బేస్‌లైన్ గీత గియ్యాలి.